చాటెడు తవుడు

తొమ్మిదేళ్ల అంకితను కన్నతల్లే అమ్ముకుందని ఫిర్యాదు. కొన్నది పక్కింటి ప్రిస్కిల్లా. ధర చాటెడు తవుడు.

ఫిర్యాదు చేసిన మనిషి పేరు మల్లికార్జున్. నిజామాబాద్ నుంచి వారానికోసారి బోధన్ వచ్చి, ఓ ప్రైవేటు బడిలో పిల్లల మనసులు బాగుచేసి పోయే కౌన్సిలర్. ఆరు నెలల ఆన్‌లైన్ కోర్సు సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించి గోడకు కొట్టించుకున్న రకం. నేను వెళ్లేసరికి హెడ్మాస్టర్ కుర్చీలో ఆయనే కూర్చున్నాడు. హెడ్మాస్టర్ పక్కన స్టూలు మీద ఉన్నాడు. గేటు దగ్గర పిల్లల్ని హోముకు తీసుకెళ్లే కారు, దాని పక్కన మైకులతో ఇద్దరు కుర్రాళ్లు. పోలీసుల కంటే ముందు వాళ్లకు ఫోన్ చేశాడన్నమాట.

"ఎస్సైగారు రాలేదా?" అన్నాడు నా భుజం మీది పట్టీలు చూసి.

"హెడ్ కానిస్టేబుల్ సుమన. నేను చాలు సార్."

నేను చాలనని ఆయన మొహమే చెప్పింది. కానీ ఆ పూట కలం నా చేతిలో ఉంది. 'ఇంట్లో పిల్లకు ప్రమాదం' అని ఒక్క లైను రాస్తే అంకిత కారెక్కుతుంది. ఎక్కాక విచారణలు, వాయిదాలు. మళ్లీ ఇల్లు చేరడానికి ఎన్ని నెలలు పడుతుందో దేవుడు కూడా చెప్పలేడు.

మల్లికార్జున్ ఒక డ్రాయింగ్ షీటు నా ముందుకు తోశాడు.

"మీ కుటుంబం బొమ్మ వేయమన్నాను. చూడండి. ఇద్దరు తల్లులు, మధ్యలో చాట, చాటలో తను. పిల్ల తనను తాను సరుకు అనుకుంటోంది మేడమ్. డెవలప్‌మెంట్ మొత్తం దెబ్బతింది."

"చదువెట్లున్నది?"

"క్లాస్ ఫస్ట్."

"ఆటలు?"

"ఖోఖో టీమ్ లీడర్. అదే ప్రమాదం. లోపలి గాయాన్ని అణచిపెట్టుకుంటోంది."

ఏడ్చే పిల్లకు జబ్బుందంటాడు. నవ్వే పిల్లకు ఇంకా పెద్ద జబ్బుందంటాడు. ఇలాంటి వాళ్లకు పనికి కరువుండదు.

తల్లులిద్దరినీ పిలిపించాను. నర్సవ్వ చెరుకు తోటలో కలుపు తీస్తున్నది తీస్తున్నట్టే వచ్చింది, కాళ్లకు మట్టి ఆరలేదు. ప్రిస్కిల్లా ఆస్పత్రి ఆయా, యూనిఫాం చీరతోనే ఉంది. శక్కర్‌నగర్‌లో ఇద్దరివీ ఒకే గోడ ఇళ్లు.

"ముందుగల్ల ఇద్దరు పోరగాండ్లు నెల తిరగకముందే పోయిండ్రు మేడమ్," అంది నర్సవ్వ. "ఇది పుట్టంగనే చాటల ఏసి పెంట మీద పెట్టిన. గీ అక్క తవుడిచ్చి కొనుక్కున్నది. బిడ్డ నాది కాదంటే సావు దాని జోలికి రాదని."

"మా పాస్టరమ్మ మస్తు తిట్టింది," అంది ప్రిస్కిల్లా. "ప్రార్థనకొచ్చేదానివి, గిదేం పని అని. ఏంజెయ్యాలె? పిల్ల బతకాలె గదా."

"అప్పటి సంది బిడ్డ అక్కది. నేను కూలికి పెంచుతున్న. ఒక దెబ్బ కొట్టాలన్నా అక్కనడగాలె."

"కూలి!" మల్లికార్జున్ కుర్చీలోంచి లేచాడు. "రాసుకోండి మేడమ్. ఒప్పుకున్నారు. లావాదేవీ జరిగింది."

"తవుడు సార్," అంది ప్రిస్కిల్లా. "అది గూడ మల్ల ఈమె బర్రెనే తిన్నది. బర్రె పేరు గూడ రాయుండ్రి కేసుల."

హెడ్మాస్టర్ నవ్వబోయి, మల్లికార్జున్ చూపు తగిలి దగ్గాడు.

మాది ఏర్గట్ల. మా చిన్న మేనమామను కూడా ఇలాగే కొన్నారు. కొన్నామె చచ్చేదాకా ఆయన రెండిళ్లలో అన్నం తిన్నాడు, రెండిళ్లలో తిట్లు తిన్నాడు, ఊళ్లో ఎవడికీ జంకలేదు. కానీ ఆ సంగతి ఏ ఫారంలోనూ పట్టదు.

అంకితను తీసుకొచ్చారు. రెండు జడలు, మోకాలి మీద ఎండిన దెబ్బ. గదిలో ఇంతమందిని చూసి పిల్ల బెదరలేదు.

"నమస్తే మేడమ్. నా బేరం సంగతికే వచ్చిండ్రా?" అంది, బహుమతి గురించి అడిగినట్టు.

నేను నోరు తెరిచేలోపే మల్లికార్జున్ వంగి, ఆ పిల్ల భుజం మీద చేయి వేశాడు. గొంతులో తేనె పోసుకున్నాడు.

"అంకితా, నిజం తెలుసుకోవాలమ్మా. మనుషుల్ని అమ్మరు. వద్దనుకున్న వస్తువుల్నే అమ్ముతారు. మీ అమ్మ నిన్ను వద్దనుకుంది. అందుకే అమ్మింది. ఇందులో నీ తప్పేం లేదు."

తొమ్మిదేళ్లుగా ఆ పిల్లను నిలబెట్టిన కథను ఆయన నాలుగు ముక్కల్లో విరిచేశాడు. విరిచి, ఓదార్పుగా వీపు తట్టాడు.

అంకిత మొహంలో రంగు దిగిపోయింది. నర్సవ్వ దగ్గరికి రాబోతే గోడకు ఆనుకుని వెనక్కి జరిగింది. ప్రిస్కిల్లా పిలిస్తే తల తిప్పుకుంది.

"అంకితా, ఎవరింటికి పోతవ్?" అన్నాను.

"ఎవలింటికి పోను. కార్ల పోత."

నర్సవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"చూశారుగా," అన్నాడు మల్లికార్జున్. ఆ గొంతులో సంతోషం దాగలేదు. "పిల్లే స్టేట్‌మెంట్ ఇచ్చింది. సంతకం పెట్టండి. కారు ఎంతసేపు ఆగుతుంది?"

పిల్ల మాట అదే అయితే నా చేతులు కట్టేసినట్టే. పెన్ను క్యాప్ తీశాను. కిటికీ వెలుతురులో ఆయన సంతకం చోటు చూపించడానికి వంగాడు. అప్పుడు కనిపించింది.

"సార్, మీది ఏ ఊరు?"

"వేల్పూర్ పక్కన. ఎందుకు?"

"మీకన్నా ముందు మీ ఇంట్ల ఎంతమంది పోరగాండ్లు పోయిండ్రు?"

ఆయన చేయి చటుక్కున ముక్కు కుడిపక్కకు వెళ్లింది. "ఇది... చిన్నప్పటి అమ్మవారి మచ్చ."

"నేను ముక్కు సంగతి అడగలేదు సార్."

హెడ్మాస్టర్ స్టూలు మీంచి మెడ సాచి మరీ చూశాడు. అంకిత కూడా చూసింది. గోడ వదిలి రెండడుగులు ముందుకొచ్చింది.

"మచ్చ గాదది. మా గల్లీల హన్మండ్లుకు గూడ గట్లనే ఉన్నది. ఆడికి ముందు ముగ్గురు పోతే మొగపిలగాడైనా ముక్కు కుట్టిచ్చిండ్రు, బతకాలెనని."

"మూఢనమ్మకాలు," అన్నాడు మల్లికార్జున్.

"సార్, మిమ్మల్ని మీ అవ్వ వద్దనుకున్నదా?"

పిల్ల వెక్కిరించలేదు. నిజంగానే అడిగింది. ఆయన చెప్పే జవాబు మీదే ఆ పిల్ల బతుకు ఆగి ఉంది. 'లేదమ్మా, బతకాలని కుట్టించింది' అంటే చాలు, ఆయన మనిషి అయిపోయేవాడు. కానీ గేటు దగ్గర మైకులున్నాయి, చేతిలో ఫైలుంది. ఆయన టై సర్దుకున్నాడు.

"నా కేసు వేరు."

"ఎట్ల వేరు?"

"పెద్దవాళ్లను అలా ప్రశ్నించకూడదు."

అంకిత ఆయన్ను కాసేపు ఎగాదిగా చూసింది. లెక్క తప్పు చేసిన టీచర్ని మొదటి బెంచీ పిల్ల చూసే చూపు అది.

"సారుకు తెల్వది," అంది ప్రిస్కిల్లాతో. "తెల్సినా చెప్తలేడు. నేను ఇంటికి పోత."

నేను రాశాను. 'పిల్ల క్షేమం. అమ్మకం జరగలేదు. తన ఇష్టంతో ఇంటికి వెళ్తానంది.' కింద సంతకం.

"పైకి కంప్లయింట్ చేస్తాను మీ మీద," అన్నాడు మల్లికార్జున్.

"చెయ్యుండ్రి. గీ అమ్మవారి మచ్చ సంగతి గూడ రాయుండ్రి."

ఆయన బయటికి వెళ్లి, మైకుల ముందు గ్రామీణ సమాజంలో బాల్యం గురించి అయిదు నిమిషాలు మాట్లాడాడు. తర్వాత ఖాళీ కారులో ముందు సీటు ఎక్కి నిజామాబాద్ వెళ్లాడు, బస్సు చార్జీ మిగుల్చుకుని.

అంకిత ప్రిస్కిల్లా చేయి పట్టుకుని నడిచింది. నర్సవ్వ చాచిన చేతిని మాత్రం బడి మూల తిరిగేదాకా అందుకోలేదు. అందుకున్నాక రెండు చేతులతో పట్టుకుంది.

"గా సారు మల్ల వస్తడా మేడమ్?" అంది నర్సవ్వ, నా బండి పక్కన ఆగి.

"వస్తడు. బడోళ్లు జీతమిస్తున్నరు."

"రానియ్యే అవ్వా," అంది అంకిత. "జవాబు చెప్పేదాంక నేను అడుగుతనే ఉంట."