ముల్లంగి దీవికి చోటు

"మెషీన్‌లో చోటు లేదంటోందమ్మా," అన్నాడు మా ఆయన.

అప్పుడు నేను వంటగదిలో స్టూలెక్కి ఎగ్జాస్ట్ ఫ్యాన్ రెక్కలు విప్పుతున్నాను. డిసెంబర్ ఇరవై ఎనిమిది. ఆ వారంలో జపాన్‌లో మా తోయామా ఊళ్ళో ఏ ఇంటికెళ్ళినా ఎవరో ఒకరు ఇలా స్టూలు మీదే కనబడతారు. ఈ ఏడాది జిడ్డు ఈ ఏడాదే పోవాలి, కొత్త సంవత్సరంలోకి రాకూడదు. ఆ ఎవరో ఒకరు పదిహేనేళ్ళుగా మా ఇంట్లో ఒకరే కావడం కేవలం యాదృచ్ఛికం.

ఆయన నన్ను అమ్మా అన్నాడని కంగారు పడకండి. మా వీధిలో మొగుళ్ళందరూ పెళ్ళాలని అలాగే పిలుస్తారు. పిల్ల పుట్టిన రోజున ఆస్పత్రిలో మొదలవుతుంది, ఇక ఆగదు. అత్తయ్య నన్ను "నాగోమి వాళ్ళమ్మా" అంటుంది. ఇన్సూరెన్స్ ఆఫీసులో నేను "పార్ట్‌టైమ్ ఆవిడ"ని. నా పేరు చిజురు. ఆరు నెలలకోసారి పళ్ళ డాక్టరు దగ్గర నర్సు పూర్తి పేరు పెట్టి పిలుస్తుంది. నాకు పుచ్చిపళ్ళు లేవు. అయినా వెళ్తాను.

చోటు లేని ఆ మెషీన్ హాల్లో టీవీ కింద ఉండే గేమ్ మెషీన్. అది మా అందరిదీ. అందులో మా ఆయన హిదెతాకా బేస్‌బాల్ ఉంది. ఆయన జీవితంలో బ్యాట్ పట్టుకోలేదు, కానీ అంపైర్ తప్పులన్నీ తెలుసు. మా అమ్మాయి నాగోమి స్నేహితురాళ్ళతో కలిసి తుపాకులు కాల్చే ఆట ఉంది. పండక్కి వచ్చే అత్తయ్య కోసం పలకలతో ఆడే మాజాంగ్ ఉంది. ఆవిడ ఏడాదికి నాలుగు రోజులు ఆడుతుంది, మిగతా మూడొందల అరవై ఒక్క రోజులూ అది ఆవిడ కోసం ఎదురుచూస్తుంది.

నాది కూడా ఉండేది. అదొక దీవి. అక్కడ నేను ముల్లంగి పండిస్తాను. ఎవరికీ వండి పెట్టను, ఆ ఆట గొప్పతనమే అది. పొరుగింట్లో ఒక నక్క ఉంటుంది. దానికో ముల్లంగి ఇస్తే రెండు చేతులతో పట్టుకుని, వంగి, "చిజురు గారూ, మీరు పెంచిందంటే రుచే వేరు" అంటుంది. ఆట మొదట్లో పేరేంటని అడిగితే నిజం చెప్పాను. నేను చేసిన తెలివైన పనుల్లో అదొకటి. నేను గిన్నెలు కడిగాక, వాళ్ళు స్నానాల నుంచి వచ్చేలోపు దొరికే అరగంటల్లో తొంభై గంటలు పోగుచేశాను.

మొన్న మార్చిలో మెషీన్ మొదటిసారి నిండింది. ఇంటిల్లిపాదీ కూర్చుని చాలా ప్రజాస్వామికంగా చర్చించాం.

"ఎవరు తక్కువ ఆడుతున్నారో వాళ్ళది తీసేద్దాం, గొడవుండదు," అన్నాడు హిదెతాకా.

"అమ్మ వారానికి మూడు గంటలే ఆడింది. ఇక్కడ రాసుంది చూడు," అంది నాగోమి.

నిజమే, స్క్రీన్ మీద రాసుంది. వాళ్ళు ఇరవై గంటలు ఆడుతున్నప్పుడు నేనేం చేస్తున్నానో ఆ స్క్రీన్ రాయదు. నేను అత్తయ్య మాజాంగ్ సంగతి ఎత్తితే, "పెద్దావిడమ్మా, బాధపడుతుంది," అన్నాడు హిదెతాకా. నా బాధ గురించి ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు, ఎందుకంటే పొయ్యి మీద మిసో సూప్ పొంగుతోంది. నేను వెళ్ళి మంట తగ్గించి వచ్చేసరికి దీవి పోయింది.

"మళ్ళీ మొదట్నుంచి పెంచుకోవచ్చులే, ముల్లంగే కదా," అన్నాడు మా ఆయన.

ఇప్పుడు మళ్ళీ నిండింది. ఈసారి తీసేయడానికి నాదేమీ మిగల్లేదు కాబట్టి అది సమస్య అయింది.

"బయట తగిలించే డ్రైవ్ ఒకటి కొనాలి," అన్నాడు హిదెతాకా స్టూలు పక్కన నిలబడి. "కొత్త బేస్‌బాల్ పట్టట్లేదు. నువ్వెలాగూ పండక్కి బియ్యపు మోచీలు కొనడానికి స్టేషన్ వైపు వెళ్తావు కదా, తీసుకొచ్చెయ్. పెద్దది, చిన్న సైజులో ఉండాలి, వేగంగా ఉండాలి, చవగ్గా ఉండాలి." కాస్త ఆగి ఉదారంగా అన్నాడు. "కావాలంటే నీ ముల్లంగి కూడా దాంట్లో పెట్టుకో. ఆడేటప్పుడు తగిలించుకుని, అయ్యాక తీసేస్తే సరి. మాకు అడ్డుండదు."

రెక్కల్ని వేడినీళ్ళ బకెట్‌లో సోడా పొడి వేసి నానబెట్టి, కోటు వేసుకుని మంచులోకి బయల్దేరాను.

ఎలక్ట్రానిక్స్ కొట్టు మూడో అంతస్తులో గోడ నిండా డ్రైవ్‌లే. ఒక్కోదాని మీద ఒక్కో అంకె. కుక్కర్ కొనేటప్పుడు ఎన్ని కప్పుల బియ్యం పడుతుందో చూసే అలవాటు కొద్దీ పెద్ద అంకె ఉన్నది చేతిలోకి తీసుకున్నాను. పక్కనుంచి ఒకావిడ వచ్చింది. యాభై దాటుంటాయి, కళ్ళజోడు గొలుసుకి వేలాడుతోంది, బ్యాడ్జి మీద మియోషి అని ఉంది.

"ఏం ఆటలు పెట్టుకుంటారండీ దీంట్లో?"

"మావారిది బేస్‌బాల్. మా అమ్మాయిది కాల్చుకునేది. మా అత్తగారిది మాజాంగ్."

"మీది?"

ఆ కొట్టుకి పదేళ్ళుగా వస్తున్నాను. ఫ్రిజ్ కొన్నాను, వాషింగ్ మెషీన్ కొన్నాను, మా ఆయన గడ్డం గీసుకునే మెషీన్ రెండుసార్లు కొన్నాను. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.

"నాది మార్చిలో తీసేశారు. తొంభై గంటలు," అన్నాను. పరాయి మనిషికి ఫిర్యాదు చేశాను. ముల్లంగి కోసం.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది. "ఆట తీసేశారు, సరే. మీరు ఆడింది కూడా తీసేశారా?"

"రెండూ ఒకటి కాదా?"

"కాదండీ. ఆటే బండెడు బరువు, చోటంతా అదే తింటుంది. మీరు ఆడింది గోరంత. అది మెషీన్‌లో వేరే మూల ఉంటుంది. ఆట తీసేసినా అది పోదు. ఎవరైనా పనిగట్టుకుని లోపలికెళ్ళి, వెతికి పట్టుకుని చెరిపితేనే పోతుంది. మీ ఇంట్లో అలా వెతికేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"మా ఇంట్లో ఫ్రిజ్‌లో సోయా సాస్ కూడా ఎవరూ వెతకరండీ."

"అయితే ఉంటుంది," అంది మియోషి గారు, వైద్యురాలిలా. "ఆటని నెట్‌లోంచి మళ్ళీ దించుకోండి. ఎక్కడ ఆపారో అక్కడే నిలబడి ఉంటారు."

తొమ్మిది నెలలు పోయిందనే అనుకున్నాను. వాళ్ళు తీసేయగానే పోతుందనుకోవడం నాకు అంత సులువుగా ఎలా అలవాటైందో తెలియలేదు.

"ఇంకోటి అడుగుతాను. బయటి డ్రైవ్‌లో పెట్టిన ఆట ఆడొచ్చా?"

"మీ మెషీన్‌లో ఆడొచ్చు. ఈ చవకరకం తీసుకుంటే మొదలవడానికి ఓ నిమిషమో రెండు నిమిషాలో ఎక్కువ పడుతుంది. స్క్రీన్ మీద ఓ గుండ్రం తిరుగుతూ ఉంటుంది, చూస్తూ కూర్చోవాలి. వేగంగా కావాలంటే ఇదిగో, ఇది. ఏదిమ్మంటారు?"

ఆలోచించాను. పెద్దది, చిన్న సైజుది, చవకది. ఆయన అడిగిన నాలుగింట్లో మూడున్నాయి.

"తిరిగేదే ఇవ్వండి."

ఇంటికొచ్చేసరికి హిదెతాకా అత్తయ్యని తీసుకురావడానికి స్టేషన్‌కి వెళ్ళాడు, నాగోమి స్నేహితురాలింట్లో ఉంది. మియోషి గారు కాగితం మీద రాసిచ్చిన వరసలో డ్రైవ్ తగిలించాను. బేస్‌బాల్ బయటికి. మాజాంగ్ బయటికి. కాల్చుకునేది కూడా బయటికి, ఇందులో వివక్ష లేదు. మెషీన్ లోపల ఎంత చోటు దొరికిందంటే నాకే మొహమాటంగా అనిపించింది. అక్కడికి నా దీవిని దించడం మొదలుపెట్టాను.

అది దిగుతుండగా సొరుగులోంచి లేబుళ్ళ మెషీన్ తీశాను. నాగోమి ఒకటో తరగతిలో చేరినప్పుడు కొన్నది. బడిలో ఇచ్చే లెక్కల పెట్టెలో ప్రతి పుల్ల మీదా, ప్రతి పూల బిళ్ళ మీదా పిల్ల పేరు అంటించి పంపాలి. మూడొందల ఎనభై ముక్కలు. గొడుగు, చెప్పులు, గుడ్డల సంచి, మా ఆయన లంచ్ డబ్బా, అత్తయ్య మాత్రల పెట్టె. ఈ ఇంట్లో నేను పేరు అంటించని వస్తువు లేదు, నా పేరు అంటించిన వస్తువూ లేదు.

డ్రైవ్ మీద "నాన్న, నాగోమి, నానమ్మ" అని అంటించాను. తర్వాత ఇంకో లేబుల్ కొట్టాను. రెండే నిమిషాల పని, ఇన్నేళ్ళూ తీరిక దొరకలేదు. దాన్ని గేమ్ మెషీన్ ముందువైపు అంటించాను. చిజురు.

దీవి వచ్చింది. వానపడి ఆగినట్టుంది అక్కడ. తోటంతా కలుపు, కానీ ముల్లంగులు అలాగే ఉన్నాయి. నక్క పరుగెత్తుకొచ్చింది. "చిజురు గారూ, చాలా రోజులైంది. ఆరోగ్యం బాగుందా?"

బాగుందని నొక్కాను.

నేను కలుపు తీస్తుండగా, దార్లో నాగోమిని కూడా కలుపుకుని, వాళ్ళు ముగ్గురూ మంచు దులుపుకుంటూ వచ్చారు. "నాగోమి వాళ్ళమ్మా, టీ," అంది అత్తయ్య, అలవాటుగా.

"ఫ్లాస్కులో వేడినీళ్ళున్నాయి అత్తయ్యా. ఆకు దాని పక్కనే," అన్నాను స్క్రీన్ మీంచి కళ్ళు తిప్పకుండా. అత్తయ్య నావైపు చూసింది, ఫ్లాస్కువైపు చూసింది, చివరికి ఫ్లాస్కువైపే నడిచింది.

"అమ్మా, నా బేస్‌బాల్ కనబడట్లేదేంటి?" అన్నాడు హిదెతాకా నా వెనక నిలబడి.

"బయటి డ్రైవ్‌లో ఉంది. నేను ఆడటం ఏడింటికి అయిపోతుంది, అప్పుడు పెట్టుకో. మొదలవడానికి కాసేపు తిరుగుతుంది, కంగారు పడకు."

"మరి ఏడింటిదాకా నేనేం చెయ్యను?"

"బకెట్‌లో ఫ్యాన్ రెక్కలు నానుతున్నాయి."

మెషీన్ మీద లేబుల్ చదువుతున్నట్టున్నాడు, నేను తిరిగి చూడలేదు.

"బ్రష్ ఎక్కడుంటుంది," అన్నాడు కాసేపటికి. తర్వాత, గొంతు సవరించుకుని, ఎవరో కొత్తవాళ్ళని అడిగినట్టు, "చిజురూ?"

"సింకు కింద. వెతుక్కో."

వెతికాడు. నాలుగు నిమిషాలు పట్టింది. సోయా సాస్ వంతు ఇంకా రాలేదు.