పాత పడుగు కొసలు

హేమావతి తలలో గడ్డ రెండోసారి పెరిగింది. సోమవారం బెంగళూరులో మళ్లీ ఆపరేషన్. తీసిన ముక్కను పరిశోధనకు ఇవ్వడానికి ఆమె సంతకం పెట్టాల్సిన కాగితం మూడు రోజులుగా భర్త కేశవ జేబులోనే నలుగుతోంది. ఆమెకింకా చూపలేదు.

అక్కడి డాక్టర్ పద్మప్రియ వీళ్ల వైపు కొత్తచెరువు మనిషి. ఓపిగ్గా చెప్పింది. కణం మీద వెంట్రుక కంటే ఎంతో సన్నని పోగు ఒకటి ఉంటుందట. పెరగమనీ ఆగమనీ పక్క కణాలు పంపే కబుర్లను దాని మీది ప్రొటీన్లు అందుకుంటాయట. ఈ గడ్డలో ఆ పోగు చెడింది. ఆగమన్న మాట లోపలికి పోవడం లేదు.

"వినేదానికే దేవుడు పెట్టినాడు గదమ్మా. మరి ఎందుకు వినదు?" అన్నాడు కేశవ.

"అదే తెలీదన్నా. ముక్క ఇస్తే వెతుకుతాం. కానీ అది తెలిసేసరికి ఆమెకు అక్కరకు రాకపోవచ్చు."

ఆ చివరి మాటే అతన్ని ఆపింది. తల్లి కదిరమ్మ ఇంకా గట్టిగా ఆపింది. "ఒంట్లోది ఏదైనా మట్టిలో కలపాల. ఊరగాయ మాదిరి సీసాలో పెట్టుకునేదేందిరా?"

శనివారం పొద్దున ఇంట్లో మగ్గం మీద కేశవ నేస్తున్న చీర పూర్తయింది. కేశవ నరసింహస్వామి పటానికి దండం పెట్టుకుని, చీరను కోసి మగ్గం మీంచి తీశాడు. పోగులు దూరే దువ్వెనలాంటి అచ్చులో పాత పడుగు కొసలు, నిలువు పోగులవి, జానెడు మిగిలాయి. కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా వాటికి మెలిపెట్టి అతకాలి. పదహారేళ్లుగా ఆ పని హేమావతిదే. ఇప్పుడామె కుడిచేతికి పోగు చిక్కదు. ఇక మగ్గమెందుకని అతను ఆ కొసలు కూడా కోయబోయాడు.

"అవెందుకు కోస్తాండావు?" గోడకానుకుని కూర్చున్న హేమావతి అంది. "కొత్తది దేనికి అతకాల?"

"అతికేదెవరు?"

"పక్కింటి జయంతి నేర్చుకుంటాంది గదా. కాకుంటే ఇంకొకరు. కొసలుంటేనే గదా ఎవరైనా అతికేది."

కేశవ చేతిలో కత్తెర ఆగిపోయింది. జేబులోంచి కాగితం తీసి ఆమె ఒళ్లో పెట్టాడు. డాక్టరు చెప్పిందంతా చెప్పాడు, చివరి మాటతో సహా.

"నాకు పనికిరాదనేనా దాచిపెట్టినావు?"

అతను తలూపాడు.

"నా తల గదప్పా. నన్నడగాల్సింది."

గడప దగ్గర కదిరమ్మ ఏదో అనబోయింది.

"ఆ గడ్డ మీద నాకేం ప్రేమ లేదత్తా," అంది హేమావతి. "నన్నయితే మట్టిలోనే కలుపుదురులే."

కదిరమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

హేమావతి ఎడమచేత్తో పెన్ను పట్టింది. సగం పేరు దగ్గర వేళ్లు జారాయి. కేశవ సాయం పట్టబోతే చేతిని పక్కకు నెట్టింది.

"నేనే పెడతా."

పేరు పూర్తయ్యేదాకా అతను పక్కనే కూర్చున్నాడు. తర్వాత కత్తెరను మేకుకు తగిలించి, జయంతిని పిలవడానికి లేచాడు.