ఇద్దరు హయాత్ బాషాలు

ఆసుపత్రిలో నడుము విరిగి పడున్న పెద్ద హయాత్ బాషా కోసం కంప్యూటర్లో నొక్కుతున్న ఓట్లన్నీ ఇంకొకడికి పడుతున్నాయని తోటి కూలీ ఇమామ్ హుస్సేన్ కళ్లారా చూశాడు.

2006 ఆగస్టు. గల్ఫులో సజ్జా కూలీల క్యాంపు ఎదుట మణి ఇంటర్నెట్ దుకాణం. శుక్రవారం సెలవు కాబట్టి కూలీలంతా అక్కడే ఉన్నారు.

కంపెనీ క్రికెట్ జట్టులో హయాత్ బాషాలు ఇద్దరు. ఇద్దరిదీ కడప దగ్గర ఒకే ఊరు. ఒకే దర్గాకు మొక్కుకుంటే పుట్టారు గనక ఒకే పేరు. పెద్దోడు బ్యాటు పడితే క్యాంపంతా గుడ్లప్పగించి చూసేది. చిన్నోడు బౌలరు, ఎవరికీ పెద్దగా పట్టడు.

కంపెనీ వెబ్‌సైట్లో ఓట్లను బట్టి ఏ ఆటగాడికి ఎంత ఆదరణో వరుస కట్టే పట్టిక ఉంది. దాన్ని అడ్డం పెట్టుకుని, అందరూ ముదీర్ అని పిలిచే మేనేజరు కొత్త ఆచారం తెచ్చాడు. పైనున్నవాళ్లకు గోదాములో నీడపట్టు పని. అట్టడుగున మిగిలినవాడు పనికి రేకుల కప్పెక్కాలి. ఎండకు ఆ రేకుల మీద బూటు అడుగు కూడా మెత్తబడుతుంది. చదువురానివాళ్లు పేరు చెబితే మణే నొక్కేవాడు. అందరూ మెచ్చే పెద్ద హయాత్ అట్టడుక్కి ఎలా జారాడో ఎవరికీ అంతుపట్టలేదు. కప్పెక్కిన వారంలోనే కళ్లు తిరిగి కిందపడ్డాడు.

"సాయంత్రానికి వాడి పేరు పైకి రాకపోతే వీసా ఖలాస్, ఇక ఊరికి పోవడమే" అన్నాడు ముదీర్. అందుకే జనం కదిలొచ్చారు.

ఆసుపత్రికి మోసుకెళ్లింది ఇమామ్ హుస్సేనే. పెద్దోడి కంపెనీ కార్డు ఇంకా అతని జేబులోనే ఉంది. తీసి, తెర మీద మణి నొక్కుతున్న పేరు పక్కన పెట్టాడు. నంబరు కలవలేదు.

"మణీ! ఇది చిన్నోడిది గదరా!"

"అదేంటి భాయ్? ఓట్లేసే చోట పైనున్న పేరు పెద్దాయనది, కిందది నాదీ అని మీ చిన్న హయాతే చెప్పాడండీ. పట్టిక పెట్టిన కాడ్నించీ అలాగే నొక్కుతున్నానండీ!"

ఇమామ్ హుస్సేన్ కార్డు జేబులో పెట్టుకుని క్యాంపులోకి నడిచాడు.

గదిలో చిన్న హయాత్ మంచం మీద కూర్చుని పెద్దోడి బ్యాటు పిడికి టేపు చుడుతున్నాడు.

"ఏందిరా, బ్యాటుకు చుడితే నడుం అతుక్కుంటాదా?" అన్నాడు ఇమామ్ హుస్సేన్.

చుట్టే చెయ్యి ఆగిపోయింది. చెప్పిన గడువుకు బయట ముదీర్ పికప్ బండి వచ్చి నిలబడింది. ఇంజను ఆపలేదు.

"అల్లా కసమ్, నిజం చెప్పు. మణికి మార్చి చెప్పింది నువ్వేనా?"



"నేనే భాయ్. పోయిన ఎండాకాలం ఆ రేకుల మీద నేనుంటి. దిగినాక ఒంటేలుకు పోతే నెత్తురొచ్చె. ఎవురికీ చెప్పల్యా. పట్టికలోనూ నా పేరే అడుగునుంటాదని తెలుసు. మణి నొక్కే నా ఓట్లు హయాత్ మామకు, మామవి నాకు పోయినా, చదువొచ్చినోళ్లు సొంతంగా ఏస్తారు గదా, ఆయప్ప ఏ నడిమిట్లోనో ఉంటాడులే అనుకున్యా. అట్టడుక్కు పోతాడనుకోల్యా. పోయినాక చెప్పేదానికి నోరు రాల్యా. ఎవడో ఒకడు ఎక్కాల్సిందేనంటాడు గదా ముదీర్... ఆ ఎవడో నేను కాకుంటే చాలనుకున్యా. నన్ను కొట్టు భాయ్, చంపు. కానీ ఎవడూ ఎక్కం, పోరా అని ముదీర్‌తో మనలో ఒక్కడన్నా అన్యాడా?"