తీశా!

తప్పులుంటే సర్దుకోండి. నాకు అక్షరాలు వచ్చింది భర్త పోయాక, జుట్టు నెరిశాక. కూడబలుక్కుంటూ రాశాను.

డబ్బాలకు మూతలు కొట్టే షెడ్డులోకి టీవీవాళ్లు వచ్చారు. ఎడంచేతి అక్కకు కొత్త బట్టలు తొడిగి లైట్ల మధ్య నిలబెట్టారు. ఆమె కుడిచెయ్యి మణికట్టు దాకానే ఉంది. అక్కడ కూడా పౌడరు అద్దారు.

"చెయ్యి కెమెరా వైపు పెట్టండక్కా. నవ్వండి. కళ్లలో కాస్త నీళ్లుంటే ఇంకా బాగుంటుంది" అంది మైకు అమ్మాయి.

"నవ్వాలో ఏడవాలో తేల్చి చెప్పమ్మా, మేమూ మొదలుపెడతాం" అన్నాడు పక్క ప్రెస్సు మిషను దగ్గరి రెండువేళ్ల బాబాయి. అందరూ నవ్వారు. యజమాని తలెత్తి చూశాడు. నవ్వులు ఆగిపోయాయి.

"విధి ఈమె చేతిని లాక్కుంది. మనసున్న యజమాని మళ్లీ పనిచ్చాడు" అని మైకు అమ్మాయి కెమెరాకు చెప్పింది.

అక్కకు ఒళ్లు మండింది. చెయ్యి లాక్కుంది ప్రెస్సు. చేతులు లోపలికి పోకుండా దాని ముందుండే ఇనుప అడ్డు వల్ల పని ఆలస్యమవుతోందని ఊడబీకించింది యజమాని.

"అడ్డు సంగతి చెప్పనా?"

"చూసేవాళ్లకు అవన్నీ ఎక్కవక్కా. వాళ్లకు మీ ధైర్యం కావాలి."

అడ్డు పోయాక కూలీలే ఒక పద్ధతి పెట్టుకున్నారు. రేకు పెట్టే మనిషి చెయ్యి వెనక్కి లాక్కుని "తీశా!" అని కేక వెయ్యాలి. ఆ కేక వింటేనే రెండో మనిషి పెడల్ తొక్కి అచ్చు దించాలి. ఇప్పుడు అక్కది పెడల్. అవతల రేకు పెట్టేది ఆమె తమ్ముడి భార్య.

"ఆ అరుపులు వద్దు. మేం మ్యూజిక్ వేసుకుంటాం" అంది మైకు అమ్మాయి.

"విన్నారుగా! నోరు మూసుకుని కొట్టండి" అన్నాడు యజమాని.

కేకలు ఆగాయి. మోటార్ల రొద మిగిలింది. లైట్లు కళ్లలో కొడుతున్నాయి. అవతల మరదలి చెయ్యి అక్కకు కనబడలేదు. అలవాటు కొద్దీ లేచిన కాలు పెడల్ మీద ఆగింది.

"తొక్కవేం?" అని యజమాని కసిరాడు.

"తొక్కను. పిల్ల చెయ్యి ఎక్కడుందో నాకు తెలీదు."

ప్రెస్సు వెనక నుంచి సన్నగా మరదలి గొంతు వచ్చింది. "లోపలే ఉంది వదినా. రేకు ఇరుక్కుంది. అరవొద్దన్నారుగా..."

అక్క కాలు వెనక్కి తీసుకుని స్విచ్చి కట్టేసింది. కాసేపటికి మరదలు గొంతు చించుకుని "తీశా!" అంది. బాబాయి తన మోటారూ ఆపి "తీశా!" అన్నాడు. వరస వెంబడి మోటార్లన్నీ ఆగాయి, కేకలు లేచాయి. వేళ్లు పోయినవాళ్లంతా కెమెరాను చుట్టుముట్టారు.

"ఇవీ చూపించు! గోడవతల తుప్పుపడుతున్న ఆ అడ్డునూ చూపించు!"

"దీని చెయ్యీ పోయాక మళ్లీ వస్తావా, ఇంకో ధైర్యం దొరికిందని?" అని అక్క మైకు అమ్మాయిని నిలదీసింది. ఆ అమ్మాయి మైకు దించేసింది. లైట్లు ఆర్పేశారు.

యజమాని ఫోను చేస్తే పోలీసులు వచ్చారు.

"రెండో బేడీ ఎక్కడేస్తావు నాయనా?" అంది అక్క.

దాన్ని బాబాయి మణికట్టుకు బిగించి ఇద్దర్నీ జీపెక్కించారు.

ఆ సాయంత్రం టీవీలో అక్క నవ్వు వచ్చింది. వెనక మ్యూజిక్ వచ్చింది. ఆమె మాట ఒక్కటీ రాలేదు.

మర్నాడు అందరూ ఎవరి ప్రెస్సు ముందు వాళ్లు చేతులు కట్టుకుని నిలబడ్డారు. గేటు దగ్గరికి ఇంకో పోలీసు జీపు వచ్చింది. ఎవరూ కదల్లేదు. షెడ్డులో ఒక్క "తీశా" వినబడలేదు.

అడ్డు బిగించేదాకా ఎవరు చెయ్యి పెడతారని?

— రెండో వరస పెద్దమ్మ, అరవై రెండేళ్లు. ఇప్పుడు ఉండేది ఫ్యాక్టరీ గేటు ఎదుట, సమ్మె గుడారంలో.