పెంచలయ్య పిడికిలి

గిడ్డమ్మ నోటికి కర్నూలు పాతూళ్లో మంచి పేరుంది, లేనిదల్లా చెవికే. ఒకనాడు ఇంటర్నెట్ సెంటరు ముందు పెరుగు గంప దింపుకుని, పెంచలయ్య శెట్టి లోపల ఏం చేస్తున్నాడని సెంటరు నడిపే కంబన్నను అడిగింది. "చాటింగు" అన్నాడు కంబన్న. అది ఆమె చెవిలో "చీటింగు"గా తోడుకుంది. పెరుగుతో పాటు ఆ మాటనూ ఇల్లిల్లూ తిప్పి, మిగిలింది తెచ్చి శెట్టి భార్య సుబ్బరత్నమ్మ ముందే పోసింది. సుబ్బరత్నమ్మకు ఇంగ్లీషు రాదు. అయితే రెండువేల ఆరో సంవత్సరం నాటికి చీటింగు తెలుగు మాటే కదా. ఆమె కడుపునిండా ఏడ్చి, రాయచోటిలో ఉన్న తమ్ముడు నరసింహకు ఫోను చేసింది. అతను మర్నాడు పొద్దున్నే బస్సెక్కాడు.

పెంచలయ్యకు ఈ సంగతేదీ తెలియదు. తెలుసుకునే తీరిక లేదు. అతను నిజంగానే ఒక మోసంలో మునిగి ఉన్నాడు.

ముప్పై ఏళ్లుగా అతనిది కిరాణా అంగడి. తక్కెడ ఉండేది అలంకారానికి. అసలు తూకం అతని కుడిచెయ్యి. గుప్పెడు మెంతులు తీశాడంటే వంద గ్రాములు, గింజ ఎక్కువా కాదు తక్కువా కాదు. పక్క అంగళ్లవాళ్లు పందెం కాసి ఓడిపోయి, ఆ చేతికి దండం పెట్టారు. అంత చెయ్యీ ఏనాడూ పొయ్యి వెలిగించి ఎరగదు. సరుకుల ధరలు చూసుకుందామని నెట్టుకు పోయినవాడు, నెట్టంటే వలే గనక, పోయి వలలో పడ్డాడు. తెలుగు ఆడవాళ్లు వంటల సంగతులు ఇచ్చిపుచ్చుకునే గుంపు ఒకటి కనబడింది. మగవాళ్లకు చోటు లేదని మొదటి వరుసలోనే రాసి ఉంది. అతను "సుబ్బరత్న" అని పేరిచ్చి చేరిపోయాడు.

కొన్నాళ్లు చదివి ఊరుకున్నాడు. బొరుగులతో చేసే ఉగ్గానిలో పుట్నాల పొడి ఎప్పుడు చల్లాలని ఎవరో అడిగిన రోజు మాత్రం చెయ్యి ఊరుకోలేదు. భార్య చేసే పద్ధతి గుర్తు తెచ్చుకుని, తెలుగు మాటలకు ఇంగ్లీషు అక్షరాల వేషం వేసి రాశాడు. "అక్కా, నీ చేతిలో ఏమో మహిమ ఉండాది" అని జవాబు వచ్చింది. ఆ రాత్రి సంతోషంతో అతనికి అన్నం సయించలేదు. మర్నాటి నుంచి వంటింటి గడప మీద చేరి, ఏం వేస్తున్నావు, ఎంత వేస్తున్నావు అని ఆరా తీయడం మొదలుపెట్టాడు. ఇన్నేళ్లకు మొగుడికి తన మీద ధ్యాస కలిగిందని ఆమె మురిసిపోయి, అడిగినవీ అడగనివీ అన్నీ చెప్పింది. కోయిలకుంట్ల ఆవిడెవరో రాసిన జొన్నరొట్టె చిట్కా, పిండిలో మసిలే నీళ్లు పోసి కాసేపు మూతపెట్టాలన్నది, అంగట్లో ఎవరో చెప్పారని అతను ఆమెకు చేరవేశాడు. రొట్టెలు దూదిలా వచ్చాయి. ఆమెకు రొట్టె, తనకు పేరు, లెక్క సరిపోయిందనుకున్నాడు.

అంతలో చింతకాయ తొక్కు దంచే కాలం వచ్చింది. రెండు కిలోల కాయకు నాలుగు పిడికిళ్ల రాళ్లుప్పు అంది సుబ్బరత్నమ్మ. పిడికిలంటే ఎంతని గుంపులో అడుగుతారు కదా. పెంచలయ్య అంగట్లో ఉప్పు మూటలో చెయ్యి పెట్టి, పిడికెడు తీసి, తూచకుండానే నూట ఇరవై గ్రాములని రాసేశాడు. పేరులోనే పెంచడం ఉన్నవాడికి తగ్గించాలని ఎలా తోస్తుంది? అది చూసి నలభై ఇళ్లలో తొక్కు దంచారు.

నరసింహ బస్సెక్కిన రోజే మధ్యాహ్నం, పెంచలయ్య అన్నానికి ఇంటికొచ్చేసరికి నడవలో పంచాయతీ సిద్ధంగా ఉంది. బావమరిది నరసింహ బ్యాగు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. గడప దగ్గర గిడ్డమ్మ సాక్షి. గోడ వారగా, ఏడ్చి ఏడ్చి ముఖం వాచిన సుబ్బరత్నమ్మ.

"ఎవుర్ని ముంచినావు బావా? దాచకుండా చెప్పు" అన్నాడు నరసింహ.

పెంచలయ్యకు విషయం అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక ప్రాణం లేచొచ్చింది. అది చీటింగు కాదు, చాటింగని, అంటే కంప్యూటర్లో మాట్లాడుకోవడమని చెప్పాడు.

"ఎవురితో?" అంది గిడ్డమ్మ.

"ఆడోళ్లతో" అన్నాడు. అన్న తర్వాత, చీటింగే మేలనిపించింది.

సుబ్బరత్నమ్మ ఏడుపు ఠక్కున ఆగింది. "ఎంతమందండీ?" అని నెమ్మదిగా అడిగింది.

"నాలుగు నూర్ల మంది ఉంటారు."

నరసింహ లేచి నిలబడ్డాడు. అదే సమయానికి, స్టీలు డబ్బా చేతబట్టుకుని ఒక అమ్మాయి గడపలోకి వచ్చి, సుబ్బరత్నక్క ఇల్లు ఇదేనా అని అడిగింది. పేరు రమ్యశ్రీ, ఊళ్లో కాలేజీ లెక్చరరు, ఆ గుంపులో మనిషే. వీధి పేరు ఎప్పుడో పొగడ్తల మత్తులో పెంచలయ్యే రాశాడు. గిడ్డమ్మ చెయ్యి చూపించగానే, నేరుగా పోయి సుబ్బరత్నమ్మ చేతులు పట్టుకుంది.

"కోప్పడొద్దక్కా. నువ్వు రాసినట్లే దంచినా. మా అత్త నోట్లో పెట్టుకుని, ఒకటే ఉప్పని ఊసేసింది. గుంపులో అందరిదీ ఇదే కత. చేతి గుట్టు దాచుకోను కావాలనే తప్పు లెక్క చెప్పినావని అంటాండారు. నాకు నమ్మబుద్ధి కాక వచ్చినా."

అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ గిన్నెతో సహా ఇచ్చి పంపే మనిషి సుబ్బరత్నమ్మ. ఆమె ముఖం పాలిపోయింది. "నేను యాడ చెప్తిని తల్లీ?" అంది.

నాలుగు జతల కళ్లూ తిరిగి పెంచలయ్య మీద వాలాయి. అతను నేలమీది బండలు చూస్తూ, చెప్పింది తానేనన్నాడు. తర్వాత మిగతాదీ చెప్పాడు. గుంపులో అక్కా అంటే పలికింది ఎవరో తెలిసి నరసింహకు నవ్వొచ్చింది. అక్క ముఖం చూసి ఆ నవ్వు మింగేశాడు.

సుబ్బరత్నమ్మ డబ్బా మూత తీసి, తొక్కు నాలుక మీద వేసుకుని కళ్లు మూసుకుంది. పిడికెడంటే ఎంత వేయమన్నారని మొగుణ్ని అడిగింది. అతను పిడికిలి బిగించి చూపించాడు. ఆమె తన పిడికిలి తెచ్చి దాని పక్కన పెట్టింది. సగం ఉంది. ముప్పై ఏళ్లు ఆ చేతి కూడు తిన్నవాడు ఆ చెయ్యి ఎంతుంటుందో అప్పుడు చూశాడు. మూటల కొద్దీ ఉప్పు తూచిన తన చెయ్యి ఎక్కడ దాచుకోవాలో తోచలేదు.

"బాగుండాదని నాతో ఒక్కపూటన్నా అంటిరా?" అంది ఆమె. "నా పేరు మీద మెప్పు మీరు తినొస్తిరి. తిట్లు నేను తినల్లనా?"

పెంచలయ్యకు నోట్లో పిడికెడు ఉప్పు పోసినట్టయింది.

"పాండి. అందరికీ చెప్పండి" అని ఆమె ముందు నడిచింది.

దారిలో అంగడి దగ్గర ఆగి, సుబ్బరత్నమ్మ పిడికెడు ఉప్పు తీసి తక్కెడలో పోసింది. పెంచలయ్య తూకపు రాళ్లు వేసి తూచాడు. తర్వాత అందరూ కంబన్న సెంటరుకు పోయారు. అతను ఒక్కొక్క అక్షరమే వెతికి కొడుతుంటే పక్క కుర్చీల్లోని కాలేజీ పిల్లలు తొంగి చూశారు. రాయడం అయ్యాక పైకి చదవబోయాడు. సుబ్బరత్నమ్మ వద్దంది. రమ్యశ్రీని చదవమంది, మొగుడు రాసిందే చదువుతాడని సుబ్బరత్నమ్మకు నమ్మకం లేకపోయింది. అది అతనికి తొక్కు కంటే ఘాటుగా తగిలింది. రమ్యశ్రీ గొంతు సవరించుకుని, సెంటరంతా వినేలా చదివింది:

"అమ్మలారా, నేను సుబ్బరత్నను కాను. ఆమె మొగుణ్ని, పెంచలయ్యను. కర్నూల్లో కిరాణా వ్యాపారం. మీరు అక్కా అన్నప్పుడల్లా పలికింది నేనే. వంటలన్నీ ఆమెవి, ఆమెను అడగకుండా మీకు ఇచ్చినాను. మీరు మెచ్చుకున్న మాటలు ఆమెకు ఒక్కటీ చెప్పలేదు. ఆమె ఏమీ దాచుకోలేదు. తొక్కులో ఉప్పు తప్పు నాది, నా పిడికిలితో కొలిచి రాసినాను. ఈరోజు తక్కెడలో పెట్టి చూసినాము. సుబ్బరత్నమ్మ పిడికెడు అరవై గ్రాములు."