మూడో కానుక

పాప పుట్టేనాటికి నా చేతిలో ఉన్నవి: అద్దెకు తీసుకున్న తాళాల కొట్టు, బేరంలో వెనక్కి తగ్గని నోరు, చాన్నాళ్లకు మళ్లీ నవ్వడం మొదలుపెట్టిన భార్య.

మా బజారుకొక కట్టుబాటుంది. ఎవరింట బిడ్డ పుట్టినా, చూడ్డానికొచ్చేవాడు తన కొట్లో సరుకే తేవాలి. బయట కొని తెస్తే పరాయివాడి కింద లెక్క.

పాప నెలలు నిండకుండా పుట్టింది. ఊపిరి అందడం లేదు. ఇంటికి తీసుకుపొమ్మన్నాడు డాక్టరు. ఎందుకన్నాడో మా ఇద్దరికే తెలుసు.

కంసాలి బంగారు ఉంగరం తెచ్చాడు. సాంబ్రాణి కొట్టాయన పొట్లం తెచ్చాడు. "క్రిస్మస్ కథలో ముగ్గురు జ్ఞానుల్లో బంగారం, సాంబ్రాణి తెచ్చే ఇద్దరొచ్చారు, బోళం తెచ్చే మూడోవాడేడీ?" అన్నాను, ఏడుపు దాచుకోవడానికి. అప్పుడే వచ్చాడు, శవపేటికలు చేసే తాత. చేతిలో బోళం సీసా. శవాలకు పూసే నూనె.

మా అత్తగారు గుమ్మానికి అడ్డం నిలబడింది. "బుద్ధుందా పెద్దాయనా? పురిటింటికి శవాల సరుకా?"

"నా కొట్లో ఇంకేముందమ్మా? పెట్టె తేలేను కదా!" అని తాత నాలుక్కరుచుకున్నాడు.

మంచం మీంచి మా ఆవిడ అంది: "రానీ అమ్మా. పశువులపాకలో ఆ తల్లి మాత్రం బోళం వద్దందా?"

"ఆవిడకేమే! ఆవిడ కొడుకు దేవుడు."

"పొత్తిళ్లలో ఉన్నప్పుడు కొడుకే కదమ్మా."

అత్తగారు కూతురి ముఖం చూసింది. పక్కకు తప్పుకుంది.

ముందొచ్చినవాళ్లు నూరేళ్లు బతకమన్నారు. తాత ఆ మాట అనలేదు. వంగి, "అలిసిపోయావా తల్లీ?" అన్నాడు.

ఉంగరం పాప బొటనవేలికి కూడా నిలవలేదు. పొగ పడదని సాంబ్రాణి వెలిగించలేదు. ఆదివారం మధ్యాహ్నం, పెదవి మీద పెట్టిన పాలచుక్క అక్కడే ఉండిపోయింది.

సీసా మూత అత్తగారే తీసింది. తాత సీసా పట్టుకున్నాడు. మా ఆవిడ వేలికొసతో రాసింది, నీళ్లు పోసే ముందు నూనె రాసినట్టే. చెవి వెనక, మోకాలి మడతలో, ఎక్కడా వదల్లేదు.

పుట్టినవాణ్ణి చూడ్డానికి అంతదూరం నడిచొచ్చిన జ్ఞాని ఆ సరుకెందుకు తెచ్చాడో ఆ రోజు తెలిసింది. పొయ్యేదాకా తోడుంటానన్నవాడు తెచ్చే కానుక అది.

ఇక లెక్క. పోయింది రాయడానికి నా దగ్గర అంకెల్లేవు. మిగిలింది సీసా అడుగున కాస్త బోళం, మా ఆవిడ వేలికొసన దాని చేదు వాసన. ఆ చెయ్యి ఇవాళ్టిదాకా కడుక్కోలేదు.