పై అర దిగిరాదు

రామమోహనరావు గారు ఏడేళ్లుగా కొత్త ల్యాప్‌టాప్ కొనలేదు. కొనలేక కాదు. కెనడాలో, కాల్గరీ ఆయిల్ కంపెనీల్లో ముప్పయ్యేళ్లు ఇంజినీరుగా చేసి, పెన్షన్ పుచ్చుకుంటూ నిశ్చింతగా కూర్చున్న మనిషి. ఆయన ఆగింది సిద్ధాంతం కోసం. టెక్నాలజీ ముదిరేకొద్దీ ధర పడి తీరుతుందనీ, పడకముందే కొనేవాడు శుద్ధ వెర్రివాడనీ ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతానికి తన కళ్లతో మూల్యం చెల్లించింది మాత్రం ఆయన భార్య శకుంతల.

శకుంతల గారు పాథాలజిస్టు. రిటైరయ్యాక, తాను చదువుకున్న ఊళ్లోని మెడికల్ స్టూడెంట్లకి శనివారం పొద్దున్నే ఆన్‌లైన్‌లో స్లైడ్లు చూపిస్తూ పాఠం చెబుతున్నారు. మైక్రోస్కోపు కింద తీసిన కణాల ఫోటోలవి, ఊదా రంగూ గులాబీ రంగూ అద్దినవి. ఆ రంగుల తేడాలోనే జబ్బు తెలిసిపోతుంది. ఆవిడ పాత ల్యాప్‌టాప్ తెరమీద మాత్రం అంతా ఒకటే, నీళ్లెక్కువైన రోజ్‌మిల్క్.

ఓఎల్ఈడీ తెరలున్న ల్యాప్‌టాప్‌లు కొత్తగా వచ్చినప్పుడే ఆవిడ అడిగారు. రంగులు బాగా కనబడతాయట, కొనుక్కుందామండీ అని.

"ఇప్పుడా?" అంటూ ఆయన జాలిగా నవ్వారు. "రెండేళ్లాగు. సగానికి వస్తుంది."

అప్పుడే ఒక ఎక్సెల్ ఫైలు తెరిచారు. ఒక పేరున్న కంపెనీ తయారుచేసే అన్నిటికన్నా ఖరీదైన మోడల్ ఎంచుకుని, నెలనెలా దాని ధర ఎక్కించడం మొదలుపెట్టారు. ఏడేళ్లకి ఆ ఫైల్లో తేలిందేమిటంటే, గీత కాస్త పైకే పోయింది. "ఇంకా మెచ్యూర్ కాలేదు" అనేవారు, అదేదో మామిడికాయ అయినట్టు. వచ్చే పోయే స్నేహితులకి ఆ గ్రాఫు చూపించేవారు. శకుంతల గారు లోపల్లోపల పళ్లు కొరుక్కుంటూ వాళ్లకి కాఫీలు కలిపేవారు.

2023 నవంబరులో క్లాసులో ఆవిడ పరువు పోయింది. ఒక స్లైడు చూపించి, ఇవి మామూలు తెల్ల రక్తకణాలు, ఇన్‌ఫెక్షన్ అని చెప్పేశారు. రెండో ఏడు చదివే పిల్లాడొకడు మెల్లిగా అన్నాడు: "మేడమ్, నాకు ఆరెంజ్ రంగు గింజలు కనిపిస్తున్నాయి. ఇవి ఇసినోఫిల్స్ కావా?"

వాడు తన ఫోన్లో చూస్తున్నాడు. వాడు చెప్పింది నిజం. అవి ఎలర్జీలో పెరిగే కణాలు, ఇన్‌ఫెక్షన్ కాదు. పాతికేళ్లు రోజుకి వంద స్లైడ్లు చూసిన మనిషికి ఫోన్ తెరమీద కనిపించేది కూడా కనిపించలేదు. ఆ పూట ఆవిడ టిఫిన్ ముట్టుకోలేదు.

"నిదానంగా చూడాల్సింది" అన్నారు రామమోహనరావు గారు. "నెలాఖర్లో బ్లాక్ ఫ్రైడే డిస్కౌంట్లు వస్తున్నాయిగా. అప్పుడు చూద్దాం."

వాళ్ల బేస్‌మెంట్‌లో కావ్యశ్రీ అనే అమ్మాయి అద్దెకుండేది. ఆ రోజుల్లో వీధిలో ఏ బేస్‌మెంట్ చూసినా ఇండియా నుంచి దిగిన స్టూడెంట్లే. నిజామాబాద్ అమ్మాయి, ఎలక్ట్రానిక్స్‌లో బీటెక్ చేసింది. ఇక్కడ కాలేజీలో డిప్లొమా చదువుతూ, దాదాపు రెండేళ్లుగా మాల్‌లోని ఒక షాపులో ల్యాప్‌టాప్‌ల సెక్షన్లో పార్ట్‌టైమ్ చేస్తోంది. తన వాదనకి సాక్ష్యం దొరుకుతుందని ఆయన ఆ ఆదివారం ఆ పిల్లని భోజనానికి పిలిచారు.

"చెప్పమ్మా" అన్నారు పప్పు వడ్డించకముందే. "ఫ్యాక్టరీలు పెరిగాయి, వేస్టేజీ తగ్గింది. ఓఎల్ఈడీ ప్యానెల్ ధర పడిందా లేదా?"

"పడింది అంకుల్."

"విన్నావా శకుంతలా!"

"కానీ మీరు చూసే మోడల్ ధర పడదు అంకుల్."

ఆయన కావ్యశ్రీ వైపు తిరిగారు. "అదెలా?"

"నేను చేరినప్పుడు మా షాపులో పై అరల ఓఎల్ఈడీలే ఉండె. ఇప్పుడవి మధ్య అరలోకి దిగినయి, ధర కూడా దిగింది. పై అరలోకి ఇంకో కొత్త రకం తెర వచ్చింది, ఇంకా ఎక్కువ వెలుగుతదని. రేపు ఇది దిగుతది, ఇంకోటి ఎక్కుతది. పై అర ధర మాత్రం అట్లనే ఉంటది. వాళ్లు అమ్మేది తెర కాదంకుల్, పై అర. మీరు ఇన్నేళ్లు దాన్నే చూస్తున్నరు."

శకుంతల గారికి నవ్వొచ్చింది. ఏడేళ్ల ఫైలు! ఇంత చిన్న సంగతి పట్టుకోవడానికి ఆయన ముప్పయ్యేళ్ల అనుభవం సరిపోలేదు.

ఆయనకి నవ్వు రాలేదు. "కౌంటర్లో బిల్లు కొట్టే పిల్లవి, నువ్వు నాకు ఎకనామిక్స్ చెబుతావా?" అన్నారు.

కావ్యశ్రీ తలొంచుకుని పప్పన్నం కలుపుకుంది. నవ్వంతా దిగిపోయి శకుంతల గారికి ఒళ్లు మండింది. పిలిచింది ఎవరు? అడిగింది ఎవరు?

మర్నాడు మంచు పడుతుంటే ఆవిడే కారు తీసుకుని మాల్‌కి వెళ్లారు. మొగుడి మీద కసితో, పై అరలో అన్నిటికన్నా ఖరీదైనదే కొనేద్దామని వెళ్లారు. కావ్యశ్రీ పలకరించేలోపే మేనేజర్ అడ్డొచ్చాడు. పాతికేళ్లుంటాయేమో, మూడు బారల దూరం వరకూ సెంటు వాసన. ఇది కొంటే పదేళ్లదాకా మీకు ఇంకో ల్యాప్‌టాప్ అవసరం రాదు మేడమ్ అన్నాడు. మరి వచ్చే ఏడు ఈ అరలో ఏం పెడతారని ఆవిడ అడిగితే, వినబడనట్టు ఛార్జర్ చూపించాడు.

ఆవిడ పర్సులోంచి పెన్‌డ్రైవ్ తీశారు. పరువు తీసిన స్లైడునే పై అర దాంట్లో ఒకసారి, మధ్య అర దాంట్లో ఒకసారి పెట్టించుకున్నారు. కళ్లజోడు తుడుచుకుని చూశారు. రెండింటిలోనూ నారింజ గింజలు ఒకేలా మెరుస్తున్నాయి. ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు.

"రెండిట్లో తేడా ఏమిటి?"

"ఇది ఎండలో కూడా బాగా కనిపిస్తుంది మేడమ్."

"కాల్గరీలో నవంబరులో ఎండ నీకెక్కడ దొరికింది నాయనా?" అన్నారు ఆవిడ ఇంగ్లీషులోనే. కావ్యశ్రీని పిలిచి మధ్య అర దానికి బిల్లు వేయించుకున్నారు. పై అర దాని ధరలో అది సగమే.

ఇంటికి రాగానే రామమోహనరావు గారు బిల్లు చదివారు. ముఖం వికసించింది. "చూశావా! సగానికి వస్తుందని నేననలేదూ? ఆగబట్టే కదా ఈ ధరకి దొరికింది!"

"ఏడాదిన్నరగా అది ఆ ధరకే అక్కడ పడుందిట" అన్నారు ఆవిడ. "మీరు ఆగింది దీనికోసం కాదు, మీ మాట గెలవడం కోసం. ఆ పిల్లకి సారీ చెప్పండి."

ఆయన చెప్పలేదు. అప్పటికే స్నేహితుడికి ఫోన్ కలుపుతున్నారు, తన జోస్యం ఫలించిందని.

రెండు వారాల తర్వాత కావ్యశ్రీకి షిఫ్టులు తగ్గాయి. పై అర సరుకు అమ్మడం చేతకాదన్నాడట మేనేజర్. సంగతి తెలిసి శకుంతల గారు బేస్‌మెంట్‌లోకి దిగి వెళ్లారు. తనవల్లే ఇలా అయిందని నొచ్చుకున్నారు.

"ఏం కాదాంటీ, వేరే షాపులో మాట్లాడుకున్న. జనవరిలో చేరాలె" అంది కావ్యశ్రీ. బట్టలు మడతపెడుతూ, ఏ కుళ్లూ లేకుండా అడిగింది: "మీకు పెన్షన్ వస్తది, కారు నడుపుతరు. ఆ తెర మీకు అంత అవసరం కదా. మరి మీరెందుకు ఆగిన్రు ఆంటీ?"

శకుంతల గారు మెట్లవైపు తిరిగారు. ఆయన్ని వెక్కిరించుకుంటూనే, ఆయన ఊఁ అనే దాకా తానూ ఏడేళ్లు కూర్చున్నారు. ఆ గ్రాఫు చూడ్డానికి వచ్చినవాళ్లకి కాఫీలందించింది తనే. మొగుడు మూర్ఖుడని తేల్చేసి, తానేదో తెలివిగలదాన్నని మురిసిపోయారు. ఎంత సిగ్గుచేటు అనుకున్నారు మెట్లెక్కుతూ.

ఆ శనివారం కొత్త తెరమీద అదే స్లైడు పెట్టి, "పోయిన నెల నేను తప్పు చెప్పాను, మీరెవరూ అది రాసుకోకండి" అంటూ పాఠం మొదలుపెట్టారు. మధ్యలో హాల్లోంచి రామమోహనరావు గారు కేక వేశారు, శకుంతలా కాఫీ అని. ఆవిడ మైక్ ఆపి, "పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి" అని చెప్పి మళ్లీ మైక్ ఆన్ చేశారు.